పదహారో చదరం

అయినా ఖాళీగా ఉన్నదాన్ని అలా ఖాళీగా ఉండనిస్తే ఎవరికేం నష్టం అనుకునేవాణ్ణి. అనుకునేవాణ్ణి అని ఇప్పుడంటున్నాను కానీ అప్పట్లో అది ఆలోచనలా కూడా తోచలేదు, కిటికీలోంచి చూసినప్పుడు కళ్ళకు దొరికే చిన్న విశ్రాంతిలా ఉండేది. కిటికీ ముందు బల్ల, బల్ల మీద రెండు స్క్రీన్లు, వాటి మీదుగా చూస్తే రోడ్డు, రోడ్డవతల ఇనుప కంచె, కంచె లోపల ఐదెకరాల గడ్డి. ఇంగ్లండులోని స్విండన్ ఊరి తూర్పు అంచున కొత్తగా లేచిన మా ఇళ్ళ ఎస్టేట్‌లో అంత జాగా మరెక్కడా మిగల్లేదు. కంచెకు ఒక బోర్డు ఉండేది, ప్రైమరీ స్కూలు కోసం కేటాయించిన స్థలం అని. ఎండకూ వానకూ అక్షరాలు వెలిసిపోయి, దగ్గరికి వెళ్తే తప్ప చదవడానికి వీలయ్యేది కాదు. నేను దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాదు. ఏం రాసుందో నాకు ముందే తెలుసు.

ఆ వసంతంలో నా స్క్రీన్ల మీద కూడా అలాంటి జాగా ఒకటి రోజూ కనిపించేది.

మా కంపెనీకి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, ఒక కౌంటీ రికార్డుల ఆఫీసు క్లయింటు. రెండు వందల ఏళ్ళ నాటి సర్వే పటాలను వాళ్ళు స్కాన్ చేసి పంపుతారు. వాటిలోని గీతలను, అంకెలను, పేర్లను కంప్యూటర్లోకి ఎక్కించి ఇప్పటి మ్యాపు మీద కూర్చోబెట్టడం నా పని. ఒక్కో పటం ఆరు మైళ్ళ చదరం. దాని లోపల ముప్పై ఆరు చిన్న చదరాలు, ఒక్కోటి మైలు పొడవు, మైలు వెడల్పు. వాగు అడ్డొచ్చినా గుట్ట అడ్డొచ్చినా గీత వంగదు. నాకు ఆ పని ఇష్టం. ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దు గడిచిపోయే ఉద్యోగాలు లోకంలో తక్కువ.

ప్రతి పటంలోనూ, దాదాపు నడిమధ్యన, పదహారో చదరంలో మాత్రం ఆసామి పేరు ఉండేది కాదు. 'స్కూలు' అన్న ఒక్క మాట ఉండేది. మొదటి పటంలో చూసినప్పుడు అక్కడ బడి ఉండేదేమో అనుకున్నాను. పదో పటంలో, పదిహేనో పటంలో అదే చదరంలో అదే మాట కనిపించేసరికి, అన్ని ఊళ్ళవాళ్ళూ సరిగ్గా ఒకే చోట బడి ఎలా కట్టుకున్నారని అనుమానం వచ్చింది. ఎక్కడో డేటా తప్పు కాపీ అవుతోందనుకొని జోన్‌ను అడిగాను.

జోన్ ఆ కౌంటీ ఆఫీసులో పాత కాగితాలు చూసుకునే మనిషి. అరవై దాటి ఉంటాయి. వారానికి రెండుసార్లు వీడియో కాల్‌లో కలిసేవాళ్ళం. నా మధ్యాహ్నం ఆవిడకు పొద్దున. కప్పు చేతిలో పట్టుకొని నెమ్మదిగా మాట్లాడేది.

"తప్పు కాదు సంజీవ్, అది చట్టం," అంది. "పదిహేడు వందల ఎనభై ఐదు నాటిది."

"అప్పటికి అక్కడ ఇన్ని ఊళ్ళున్నాయా?"

"ఊళ్ళెక్కడివి. దేశమే అప్పుడప్పుడే పుట్టింది. ఖజానాలో డబ్బు లేదు, చేతిలో నేల ఉంది. ఆ నేల మీద అప్పటికే బతుకుతున్నవాళ్ళను పటంలో గియ్యలేదు, దాన్ని మా వాళ్ళు చాలాకాలం మాట్లాడుకోలేదు కూడా. ముందు గీతలు గీశారు. ఒక్క ఎకరం అమ్మకముందే ప్రతి ముప్పై ఆరింటిలో ఒకదాన్ని పక్కన పెట్టారు, పదహారోదాన్ని. ఆ ఊళ్ళో బడి నడవడానికి."

"బడి అందులోనే కట్టాలా?"

"అక్కర్లేదు. కౌలుకిచ్చుకోవచ్చు. వచ్చినదాంతో మాస్టారికి జీతం. ఊరికి పేరు పెట్టకముందే, అందులో ఒక్క పిల్ల పుట్టకముందే, ఆ పిల్ల చదువు వాటా తీసిపెట్టేశారు. ఈ ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ నాకది వింతగానే ఉంటుంది."

బాగుంది అన్నాను. ఆ చదరానికి డేటాబేసులో ఏ కోడ్ వెయ్యమంటారని అడిగాను. ఆవిడ ఒక క్షణం నన్ను చూసి, కోడ్ చెప్పింది.

ఏప్రిల్ మధ్యలో, బడి సీట్లు కేటాయించే మా ఊరి కౌన్సిల్ నుంచి ఈమెయిల్ వచ్చింది. మా అమ్మాయి లాస్యకు నాలుగేళ్ళు నిండాయి, సెప్టెంబరులో బడికి వెళ్ళాలి. మేము మూడు స్కూళ్ళు రాశాం. మూడూ నిండిపోయాయట.

నా భార్య ప్రసన్నలక్ష్మి పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు డాక్టరు. స్పెషలిస్టు ట్రైనింగ్ ఇంకా మూడేళ్ళుంది. ఆ పొద్దున డ్యూటీ బట్టల్లోనే నిలబడి నా భుజం మీదుగా స్క్రీన్ చూసింది. మేమిద్దరం ప్రొద్దుటూరు వాళ్ళం. ఇంట్లో ఆ మాటే.

"ఏదిచ్చినారు మల్ల?"

"ఊరికి ఆ పక్క. మూడున్నర మైళ్ళంట."

"బస్సుండాదా?"

"రెండు బస్సులు మారల్ల. నడిమధ్య కొంత దూరం నడవల్ల. పెద్ద రోడ్డు, ఫుట్‌పాత్ లేదు."

ఆమె నా వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. నాకు కారు నడపడం రాదు. రాదు అంటే, టెస్టు మూడుసార్లు తప్పాను. పక్కన కూర్చున్న మనిషి నన్ను గమనిస్తున్నాడన్న ఎరుకలో నా చేతులు నావి కాకుండా పోతాయి. నాలుగోసారి వెళ్ళలేదు. ఇంట్లోంచే పని కదా, కారెందుకు అని నాకు నేను చెప్పుకున్నాను, ఆ తర్వాత అదే నిజమైపోయింది.

"నా షిఫ్టు ఎనిమిదికి," అంది ప్రసన్న. "దీన్ని ఎనిమిదీ నలభైకి గేటు కాడ దింపల్ల. బడి తెరవకముందే పిల్లోళ్ళను ఉంచుకునే బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ అడిగినా, వెయిటింగ్ లిస్టే ఇరవై మంది ఉండారంట. రెండు చోట్ల ఒకేపారి యెట్లుంటా నేను?"

"టాక్సీ..."

"నాలుగేండ్ల బిడ్డను దినామూ టాక్సీలో ఒగదాన్నే పంపిస్తావా?"

లాస్య బల్ల కిందనుంచి తల బయటకు పెట్టింది. "విల్ మై స్కూల్ హావ్ ఎ హ్యామ్‌స్టర్?"

"ఉంటాదిలే," అన్నాను.

"యూ డోంట్ నో దట్, నాన్నా."

ప్రసన్న బ్యాగు భుజానికి వేసుకుంది. గొంతు పెంచే మనిషి కాదు. పేషెంట్ల తల్లిదండ్రులకు చెప్పినట్టే చెప్పింది. "ఎదురుగా స్కూలు కట్టేదుంటే ఒక్క ఏడాది సగం డ్యూటీ అడుక్కుంటా. అట్ల చానామంది చేస్తారు. కట్టకపోతే మాత్రం ఇట్ల దింపేది ఏడేండ్లయితాది. ఏడేండ్లు సగం సగం చేసుకుంటా కూర్చుంటే ఈ ట్రైనింగ్ ఎప్పటికీ అయిపోదు. మానేసేదే. నువ్వు నడిచి తోడుకోని పోయేంత దూరంలో స్కూలుంటే నా ఉద్యోగం ఉంటాది. అంతే లెక్క."

ఆమె వెళ్ళిన తర్వాత కూడా ఆ లెక్క అక్కడే, రెండు స్క్రీన్ల మధ్య నిలబడి ఉంది. లాస్య చెయ్యి పట్టుకొని రోడ్డు దాటడం నాకు చేతనవును. ఆ లెక్కలో నేను చెయ్యగలిగింది అదొక్కటే.

మే మొదటివారంలో దీపస్తంభానికి పసుపు కాగితం కట్టారు. స్కూలు స్థలాన్ని ఆ కేటాయింపు నుంచి విడుదల చెయ్యమని, అందులో అరవై నాలుగు ఇళ్ళు కట్టుకోనివ్వమని ఎస్టేట్ బిల్డరు దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్లానింగ్ కమిటీ నెలాఖరుకు తేల్చాలి. ఆలోగా జనం తమ అభిప్రాయం రాయవచ్చు. కమిటీ అనుమతి ఇవ్వనంటే, బిల్డరు పాత ఒప్పందం ప్రకారం వచ్చే ఏడు సెప్టెంబరుకల్లా తాత్కాలిక గదుల్లోనైనా బడి తెరవాలి. ప్రసన్నే ఆ కాగితం ఫొటో తీసుకొచ్చింది. వార్డులో పని చేసి వచ్చిన మొహంలో చాలా రోజుల తర్వాత ఉత్సాహం కనిపించింది.

"ఆదివారం కూర్చోని రాస్తా. ఎట్లుండాలో ఒగపారి మిగతావాళ్ళవి చదువుదాం," అంది.

నేను సరే అన్నాను. సరే అన్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. దాన్ని ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. భయం ముందు కడుపులోనో గుండెలోనో పుడుతుందంటారు. నాకు అది మర్యాదగా పుట్టింది. ఆ వారమంతా అడగకుండానే గిన్నెలు కడిగాను.

ఆదివారం పొద్దున నేను దోసెలు పోస్తున్నాను. లాస్య ముందు గదిలో బొమ్మలకు క్లాసు చెబుతోంది. ప్రసన్న వంటింటి బల్ల దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి ప్లానింగ్ పేజీలో దరఖాస్తు కాగితాలు చదువుతోంది.

"ఇది చూడు. 'ఇక్కడి నివాసులు స్కూలును కోరుకోవడం లేదు. గతంలో ముప్పై ఒక్క కుటుంబాలు, అందరూ పసిపిల్లలున్నవాళ్ళే, రాతపూర్వకంగా వ్యతిరేకించారు.' బిల్డరు రాసినాడు. ఎవురబ్బా వీళ్ళు?"

"ఏమో."

"పాత ఉత్తరాలన్నీ ఈడనే పెట్టినారు. ఉండు." కాసేపటికి ఆమె నవ్వడం వినిపించింది. "ఒగరిది చూసి ఒగరు రాసినారు. 'స్కూలు గంట వల్ల నా ఎనిమిది నెలల పాప నిద్రకు భంగం.' దీని కిందది, అదే ఎనిమిది నెలల పాప. ఇంకోటి, అదే పాప. ముప్పై ఒక్క మందికీ ఎనిమిది నెలల పాపే. పద్నాలుగో నంబరు అఖిలేష్‌కి ఇంగా పెండ్లే కాలేదు, వానికీ పాప."

నేను పెనం మీద నీళ్ళు చల్లాను.

"అన్నీ ఒకే వారంలో పెట్టినారు. మొట్టమొదటిది యాడుందో చూద్దాం." మౌస్ చక్రం తిరిగే చప్పుడు. తిరిగి తిరిగి ఆగింది.  ముందు గదిలో లాస్య బొమ్మలను సిట్ డౌన్ అంటోంది.

"దోసె మాడుతాండాది," అంది ప్రసన్న.

స్టవ్ ఆర్పాను.

"అప్పుడు లాస్యకు ఎనిమిది నెల్లు," అంది. ప్రశ్న కాదు. ల్యాప్‌టాప్ మూత నెమ్మదిగా వేసి, లేచి వెళ్ళి లాస్య జడ వేసింది.

జరిగింది ఇది. మూడున్నరేళ్ళ కిందట బిల్డరు ఆ స్థలంలో బడి కట్టడానికి ప్లాన్లు పెట్టాడు. ఎస్టేట్‌లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో ఎవరో, ఏం చేద్దామండీ అని అడిగారు. నేను గ్రూపులో ఎప్పుడూ ఏమీ రాయను. ఆ రోజు మాత్రం ఒక గంటలో ఒక ఉత్తరం రాసి కౌన్సిల్‌కి పంపి, దాన్నే గ్రూపులో పెట్టాను. ట్రాఫిక్, పార్కింగ్, శబ్దం, వెలుతురు, వాననీళ్ళు పోయే దారి, గాలి, పాప నిద్ర. మొత్తం ఏడు అంశాలు, నంబర్లతో. మా పనిలో రాసే కాగితాల్లా పొందిగ్గా వచ్చింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. తర్వాత వాళ్ళు చేసిందల్లా కింద పేరు, ఇంటి నంబరు మార్చి నొక్కడం. పాపను మార్చాలని ఎవరికీ తోచలేదు. మా వాళ్ళకు ఫారం ఒకటి నమూనాగా దొరికితే చాలు, అందులో అక్షరం కదిపితే చెల్లదేమో అన్న భయం. అంతమంది వద్దనేసరికి బిల్డరు సంతోషంగా ప్లాన్లు వెనక్కి తీసుకున్నాడు. అతనికి కావలసిందీ అదే కావచ్చు.

 ఆ ఆదివారం సాయంత్రం వెనక తోటలో బట్టలు తీస్తున్నప్పుడు, ప్రసన్న దుప్పటికి అవతలి కొసన నిలబడి అడిగింది.

"స్కూలుంటే నీకేమి ఇబ్బంది?"

ఏడు అంశాలూ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటీ చెప్పడానికి పనికిరాలేదు.

"జనాలు," అన్నాను. "పొద్దునోసారి, మూడు గంటలకోసారి కిటికీ ముందర నిలబడుకుంటారు కదా. అందరూ మనవాళ్ళే. చూస్తారు. చెయ్యెత్తుతారు. పలకరించల్ల."

ఆమె దుప్పటి మడత పెట్టి నా చేతిలోని కొసను అందుకుంది. "దానికి ఏడు పాయింట్లు రాసినావా," అంది.

ఆ రాత్రి భోజనాల ముందే కౌన్సిల్‌కి ఈమెయిల్ పెట్టాను, నా పాత అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటున్నానని. రెండు వాక్యాలు. పంపగానే మనసు తేలికైంది. ఆ తేలికదనాన్నే నేను అనుమానించాలి. మరునాడు ప్లానింగ్ ఆఫీసులో ఒకమ్మాయి ఫోన్ చేసింది. మీది తీసేశాం, కానీ ఎవరి ఉత్తరం వాళ్ళే ఉపసంహరించుకోవాలి, మిగతా ముప్పై ఉన్నట్టే లెక్క, వచ్చే వారం బుధవారం దాకా గడువు అంది.

ప్రసన్నకు చెప్పాను.

"మిగతా ముప్పై?" అంది. అంతే.

గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఆ గ్రూపులో అది నా రెండో మెసేజ్. అందరికీ నమస్కారం, నేను రాసిన పాత ఉత్తరం పొరపాటు, దయచేసి ఎవరిది వారు వెనక్కి తీసుకోండి, ఈమెయిల్ ఇలా రాయండి అని నమూనా కూడా జతచేశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నమూనా పంపితే చాలదన్న సంగతి నాకు మూడో రోజుకు గానీ ఎక్కలేదు. మొదటి ఉత్తరాన్ని వాళ్ళు వాడుకున్నది అది బాగా రాసి ఉందని కాదు. అప్పుడు వాళ్ళకూ అదే కావాలి. ఇప్పుడు కావలసింది నాకు.

గ్రూపు అడ్మిన్ ఆంజనేయప్రసాద్ గారు గురువారం సాయంత్రం వాకింగ్‌లో ఎదురయ్యారు. భీమవరం వైపు మనిషి, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పదవి, అందరికీ ఇల్లు కొనేముందు దిక్కులు చూసిపెట్టేది ఆయనే. కంచె పక్కన ఆగారు. లోపల గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది.

"ఏంటండీ సంజీవ్ గారూ, మీరే వద్దన్నారు, మీరే కావాలంటున్నారు. జనం ఏమనుకోవాలండీ?"

"మా పాపకి స్కూల్లో సీటు దగ్గరలో రాలేదండీ."

"అయ్యో. అలా చెప్పండి మరి. మెసేజ్‌లో అది రాయలేదే మీరు?"

నిజమే. నమూనా రాశాను, కారణం రాయలేదు.

"అయినా చూడండి, మా పిల్లలు పెద్దాళ్ళైపోయారు. ఇప్పుడు తూర్పున ఇంత ఖాళీ ఉంది. బడి వచ్చినా ఇళ్ళొచ్చినా ఆ ఖాళీ పోయినట్టే. ఇళ్ళయితే కనీసం మన రేటు పెరుగుతుంది. బడి గేటు ఎదురుగా ఉన్న ఇల్లు ఎవడు కొంటాడండీ బాబూ, పొద్దున్నే కార్లు అడ్డం పెట్టేస్తారు. పాయింట్ నంబర్ టూ, మీరు రాసిందేనండి."

"గుర్తుందా మీకు?"

"చాలా బాగా రాశారు కదండీ." ఆయన నిజంగానే మెచ్చుకున్నారు. "నాది మాత్రం ఉండనివ్వండి. ఒకటుంటే ఏమవుతుందిలెండి. కావాలంటే మిగతావాళ్ళని అడిగి చూడండి. కానీ ఫోన్లో కాదు. మా వాళ్ళు మెసేజ్‌కి కదలరు. ఇంటికెళ్ళి అడగాలి."

ఇంటికెళ్ళి అన్న మాట ఆయన చాలా తేలిగ్గా అన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం జోన్ కొత్త స్కాన్లు పంపింది. ఒక పటంలో పదహారో చదరం మీద 'స్కూలు' అన్న మాటకు అడ్డంగా గీత కొట్టి ఉంది. చదరాన్ని ఎనిమిది ముక్కలు చేశారు. ఒక్కో ముక్కలో ఒక్కో ఆసామి. పటంతో పాటు ఇంకో కాగితం ఉంది. రెండు వరసల్లో పేర్లు, ఇరవై ఏడు. తేదీ పద్దెనిమిది వందల ఇరవై తొమ్మిది. దీన్ని దేనికి జతచేయాలని అడగడానికి కాల్ కలిపాను.

"అది ఓటు కాగితం," అంది జోన్. "కౌలుకి ఇస్తే పెద్దగా వచ్చేది కాదు, కౌలుదార్లు అడవి కొట్టేసుకొని పోయేవాళ్ళు. అమ్ముకుంటామని రాష్ట్రాలు అడిగాయి. ఆ ఊరివాళ్ళు ఒప్పుకుంటేనే అమ్మాలని పైనుంచి షరతు పెట్టారు. మంచి షరతే. వీళ్ళు ఒప్పుకున్నారు."

"అందరూనా?"

"ఓటున్నవాళ్ళు. మగవాళ్ళు, తెల్లవాళ్ళు, ఇరవై ఒకటి దాటినవాళ్ళు. కుడివైపు వరసలో నాలుగో పేరు చూడండి. అది మా తాతకు తాత. ముక్కల్లో ఒకటి కొన్నదీ ఆయనే. అమ్మగా వచ్చినదాని మీద ఏటా కొంచెం వడ్డీ వచ్చేది. మాస్టారికి ఒక చలికాలం జీతానికి కూడా చాలేది కాదట. ఆయన కూతుళ్ళు ముగ్గురు. పెళ్ళి దస్తావేజుల్లో ముగ్గురూ సంతకం చోట ఇంటూ గుర్తులు పెట్టారు. అవీ నా దగ్గరున్నాయి."

 ఆవిడ కప్పులో చివరి గుక్క తాగింది.

"చెడ్డవాడేం కాదు," అంది. "ఆయన ఉత్తరాలు చదివాను. నిదానస్తుడు. నడుమ ఉన్న నేల ఊరికే పడి ఉందని రాశాడు. ఆ కాగితానికి రిఫరెన్స్ పదహారే వెయ్యండి సంజీవ్. చదరం పోయినా నంబరు అలాగే ఉంచుతాం."

పదహారే వేశాను. ఆ తర్వాత ప్లానింగ్ పేజీ తెరిచి ముప్పై పేర్లు, ఇళ్ళ నంబర్లు ఒక కాగితం మీద రాసుకున్నాను. టైపు చెయ్యొచ్చు. చేత్తో రాశాను. చేత్తో రాస్తున్నంతసేపూ వెళ్ళనక్కర్లేదు కదా.

శనివారం మూడింటికి బయల్దేరాను. ప్రసన్న డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి సోఫాలో కాళ్ళు చాపుకొని ఉంది. ఎక్కడికని అడగలేదు. కాగితం చూసింది.

"ప్రసాద్ గారింటికి పోవాకు, టైం పోతాది. చిన్నపిల్లలుండే వాళ్ళిండ్లకు ముందు పో," అంది. ఇది ఆ వారంలో ఆమె నాతో అన్న పెద్ద వాక్యం.

కానీ నేను నంబర్ల వరసలోనే మొదలుపెట్టాను. ఎవరింటికి ముందు వెళ్ళాలో ఎంచుకోవడం మొదలుపెడితే ఎంచుకుంటూనే ఉంటానని నాకు తెలుసు. కాగితంలో మొదటిది మూడో నంబరు, మొగిలయ్య గారిల్లు. వరంగల్ మనిషి, ఊరి చివర గోదాములో షిఫ్టు సూపర్‌వైజరు. ఉగాదికి కమ్యూనిటీ హాల్లో కుర్చీలు వేస్తూ కనిపిస్తాడు. నేను పలకరించింది లేదు.

వాళ్ళ గేటు దాకా వెళ్ళి, దాటిపోయి, వీధి చివరి పోస్టుబాక్సు దాకా నడిచాను. అక్కడ నిలబడి పోస్టు తీసే వేళలు చదివాను. రోడ్డు మీద ఎవరో పిల్ల సైకిలు నేర్చుకుంటోంది. నాకు తోచిందేమిటంటే, ఆ ముప్పై మందిలో ఒక్కరు కూడా నన్ను తిట్టరు. తిడితే వెళ్ళడం తేలికే. వాళ్ళు మంచిగా మాట్లాడతారు, కారణం అడుగుతారు. ఆ కారణం చెప్పాలి, ముప్పై సార్లు.

తిరిగి వచ్చి బెల్లు కొట్టాను.

తలుపు తీసింది మొగిలయ్య గారే. బనీను మీద స్వెట్టరు, చేతిలో సగం ఒలిచిన బఠానీ కాయ. "మీరా సారూ? ఏమైంది, అంత మంచిదేనా?"

"మీరు కౌన్సిల్‌కి ఒక ఉత్తరం పెట్టారు. ఎదురుగా స్కూలు వద్దని. మూడున్నరేళ్ళ కింద."

"నేనా? నేను బడి వద్దంటనా సారూ?" ఆయన నిజంగా ఆలోచించాడు. "యాదికి లేదు. గ్రూపుల వచ్చిందా? గట్లయితే నొక్కి ఉంట. ప్రసాద్ సారు నొక్కుమంటే అందరం నొక్కుతం గదా."

"అది నేను రాసింది. మీ పేరు మీద ఉంది. దాని వల్ల ఇప్పుడు స్కూలు రాకుండా పోయేట్టుంది. మీరు దాన్ని వెనక్కి తీసుకుంటారేమో అని అడగడానికి వచ్చాను."

"తీసుకుంట తియ్యి, దానికేముంది." బఠానీలు అరచేతిలోకి రాల్చుకున్నాడు. "మల్ల మీరెందుకు వద్దని రాసిన్రు?"

ఎగతాళి లేదు, కోపం లేదు. తెలుసుకోవాలని అడిగాడు. నేను నోరు తెరిచాను. గుమ్మం బయట గాలి తిరుగుతోంది. లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"ఎవలయ్యా?"

"బడి జాగ కాడ ఉండే సారు, వరలక్ష్మీ. సంజీవ్ సారు."

"మరి వాకిట్ల నిలవెడ్తివేంది? లోపటికి రమ్మను."

"రాండ్రి సారూ," అన్నాడు మొగిలయ్య గారు, తలుపు పూర్తిగా తెరిచి పక్కకు జరుగుతూ. "కూసుందాం. ఛాయ్ తాగుకుంట చెప్పుండ్రి."

కాల్ ఉందండీ, ఇంకోసారి వస్తాను అన్న మాట నాలుక చివరకు వచ్చేసింది. శనివారం నాకు కాల్ ఉండదు. జేబులో కాగితం మీద ఇంకా ఇరవై తొమ్మిది పేర్లున్నాయి. గోడకు చెయ్యి ఆనించి, వంగి, బూట్ల లేసులు విప్పాను.